రెండు గంపల చోటు: సభ్యుల సంఘం వీధి నుంచి చట్టం దాకా ఎలా వెళ్లింది

ఫుట్‌పాత్ మీద గంప దించుకుని కూరగాయలు అమ్ముకునే మనిషికి ఈ దేశంలో ఇప్పుడు ఒక చట్టం అండ ఉంది. పట్టణంలో వీధి వ్యాపారుల సర్వే పూర్తయి, అర్హులందరికీ సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. తప్పనిసరైతే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసివ్వాలి. పాడైపోయే సరుకైతే కట్టాల్సింది కట్టి అడిగిన రోజే తిరిగి ఇచ్చెయ్యాలి. ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లను వ్యాపారులే ఎన్నుకోవాలి. అలా ఎన్నికైన వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. 2014 మే 1న అమల్లోకి వచ్చిన వీధి వ్యాపారుల చట్టంలో ఉన్న సంగతులివి.

ఇంత వివరంగా రాయాలంటే ఆ బతుకు తెలిసినవాళ్లు పక్కన ఉండాలి. పట్టుకుపోయిన టమాటాలను మూడోరోజు విడిపిస్తే చేతికొచ్చేది ఏమిటో టమాటాలు అమ్మేవాళ్లకే తెలుస్తుంది. ఆ తెలిసిన విషయాన్ని మునిసిపల్ ఆఫీసు గుమ్మం దగ్గర మొదలుపెట్టి కోర్టులు, మంత్రిత్వ శాఖలు, పార్లమెంటు దాకా మోసుకెళ్లినవి సభ్యుల చందాతో, సభ్యుల ఎన్నికతో నడిచే సంఘాలు. వాటిలో ముందు చెప్పుకోవాల్సింది అహ్మదాబాద్‌లో పుట్టిన ‘సేవా’. స్వయం ఉపాధి మహిళల సంఘం అని దాని పూర్తి పేరుకు అర్థం. తర్వాత చెప్పుకోవాల్సింది ఇలాంటి సంఘాలన్నీ కలిసి కట్టుకున్న జాతీయ సమాఖ్య ‘నాస్వి’. లాభాపేక్ష లేని సభ్యత్వ సంఘం సమాజంలో మార్పు ఎలా తెస్తుందో, ఎక్కడ చతికిలపడుతుందో అర్థం చేసుకోవడానికి ఈ రెండింటి కథ బాగా పనికొస్తుంది.

మార్పు కోసం పనిచేస్తున్నామని చెప్పే సంస్థల్లో ఎక్కువ వాటికి లబ్ధిదారులుంటారు, సభ్యులుండరు. ఆ తేడా చాలా పెద్దది. లబ్ధిదారుకు సాయం అందుతుంది. అది ఎందుకు ఆగిపోయిందని అడిగే హక్కు ఆమెకు ఉండదు. సంస్థ పెద్దలను ఎన్నుకునే, దించే వీలూ ఉండదు. సభ్యురాలి సంగతి వేరు. చందా ఐదు రూపాయలే కావచ్చు, రసీదు చేతికొచ్చాక ఆ సంఘం ఆమెది. కార్యవర్గం ఆమెకు లెక్క చెప్పాలి. స్వచ్ఛంద సంస్థలు చేసే మంచిని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. బడికో ఆస్పత్రికో సభ్యులు అక్కర్లేదు. కానీ అధికారుల ఎదుట కూర్చుని ‘మేం ఇంతమందిమి, మాకిది కావాలి’ అని బేరమాడాలంటే, వెనక నిజంగా అంతమంది ఉండాలి. అరువు తెచ్చుకున్న గొంతుతో బేరం సాగదు.

సేవా కథ 1971లో మొదలవుతుంది. అప్పటికి అహ్మదాబాద్ బట్టల మిల్లుల ఊరు. 1918 మిల్లు సమ్మె తర్వాత గాంధీ, అనసూయా సారాభాయ్‌ల చేతుల మీదుగా 1920లో ఏర్పడ్డ మజూర్ మహాజన్ అక్కడ బలమైన కార్మిక సంఘం. దానికో మహిళా విభాగం ఉండేది. మిల్లు కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లకు కుట్లు, అల్లికలు నేర్పడం దాని పని. ఆ విభాగాన్ని చూసుకుంటున్న లాయరు ఇలా భట్ దగ్గరికి బట్టల మార్కెట్‌లో బండ్లు లాగే వలస మహిళలు కొందరు వచ్చారు. ఉండటానికి ఇల్లు లేదు, సాయం చేయమన్నారు. ఆమె వాళ్లతో మార్కెట్‌కు వెళ్లింది. అక్కడ బట్టల మూటలు నెత్తిన మోసే హమాలీ ఆడవాళ్లు కనిపించారు. ఎన్ని ట్రిప్పులు మోశారో రాసిపెట్టే దిక్కు లేదు. ఎంత దూరం మోసినా వ్యాపారి ఇచ్చిందే కూలి.

ఇలా భట్ ఈ సంగతి స్థానిక పత్రికలో రాసింది. వ్యాపారులు ఊరుకోలేదు. ఆ ఆరోపణలన్నీ అబద్ధమని, తాము న్యాయమైన రేట్లే ఇస్తున్నామని తామూ పత్రికలో రాయించారు. మహిళా విభాగం వాళ్లు ఆ జవాబుకు మళ్లీ జవాబు రాయలేదు. వ్యాపారులు ఇస్తున్నామని చెప్పుకున్న రేట్లను కార్డుల మీద అచ్చు వేయించి, మూటలు మోసేవాళ్లకు పంచారు. ఇక కూలి దగ్గర తేడా వస్తే చూపించడానికి వాళ్ల చేతిలో షావుకారు చెప్పిన మాటే ఉంది. తర్వాతి 50 ఏళ్లలో ఈ సంఘం, దీని దారిలో వచ్చిన సమాఖ్యలు చేసిన పనిలో ఎక్కువ భాగం ఈ కార్డు లాంటిదే. పెద్దవాళ్లు నలుగురిలో అన్న మాటను, కోర్టు రాసిన తీర్పును, ప్రభుత్వం వేసిన జీవోను సామాన్యురాలి చేతిలో పనికొచ్చే కాగితంగా మార్చడం అన్నమాట.

ఈ వార్త విని పాత బట్టలు అమ్మేవాళ్లు వచ్చారు. 1971 డిసెంబరులో వాళ్లతో సభ పెడితే, మనకే ఒక సంఘం ఎందుకు ఉండకూడదని వాళ్లలోనే ఒకామె లేచి అడిగింది. సంఘం పెట్టుకోవడం తేలికే, రిజిస్టర్ చేయించడమే కష్టమైంది. కార్మిక శాఖ ఒప్పుకోలేదు. మీకు యజమాని ఎవరు? యజమాని లేనప్పుడు ఎవరి మీద పోరాడతారు? పోరాటమే లేకపోతే యూనియన్ ఎందుకు? అధికారుల వాదన ఇది. సంఘం ఒకరికి వ్యతిరేకంగానే ఉండాలని లేదు, పనిచేసేవాళ్లు ఒక్కటిగా ఉండటానికే సంఘం అని వీళ్లు వాదించారు. చివరికి 1972 ఏప్రిల్ 12న రిజిస్ట్రేషన్ అయింది. ఈ వాదన నెగ్గకపోతే తర్వాత జరిగినవేవీ జరిగేవి కావు. దేశంలో పనిచేసే ఆడవాళ్లలో అత్యధికులకు జీతం చీటీ ఇచ్చే యజమాని లేడు. బీడీలు చుట్టేవాళ్లు, కాగితాలు ఏరేవాళ్లు, ఇంట్లోనే అగరుబత్తీలు చేసేవాళ్లు, గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగేవాళ్లు. అప్పటిదాకా కార్మికుల లెక్కలోకే రాని వీళ్లకు యూనియన్ పెట్టుకునే దారి ఆ రిజిస్ట్రేషన్‌తో తెరుచుకుంది.

సంఘం లోపలి ఏర్పాటు గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. ఎందుకంటే సభ్యత్వ సంఘాలు గట్టిగా నిలబడేదీ, పేరుకు మాత్రమే మిగిలేదీ ఇక్కడే. సేవా సభ్యత్వ చందా చాలా ఏళ్లపాటు ఏడాదికి ఐదు రూపాయలు. ప్రతి ఏడూ మళ్లీ కట్టాలి. ఈ మళ్లీ కట్టడంలోనే కిటుకంతా ఉంది. సంఘం ఈ ఏడాది ఏ పనికీ రాలేదని అనిపిస్తే సభ్యురాలు చందా కట్టదు, సంఖ్య పడిపోతుంది. ఏ వృత్తివాళ్లు ఆ వృత్తి కింద తమ ప్రతినిధులను ఎన్నుకుంటారు. ఆ ప్రతినిధుల సభ మూడేళ్లకోసారి 25 మంది కార్యవర్గాన్ని ఎన్నుకుంటుంది. ఏ వృత్తివాళ్లు ఎక్కువమంది ఉంటే కార్యవర్గంలో వాళ్లకు అంత వాటా. సంఖ్యలో అందరికన్నా పెద్దదైన వృత్తి నుంచి అధ్యక్షురాలిని ఎన్నుకోవడం ఆనవాయితీగా వచ్చింది. చదువుకున్న నిర్వాహకులు ఉంటారు, వాళ్ల ప్రభావమూ ఉంటుంది. అయినా కుర్చీ మాత్రం మూట మోసినామెకు, కూరలమ్మినామెకు అందేలా నియమావళి రాసుకున్నారు. ఇప్పుడు సభ్యుల సంఖ్య 20 లక్షలు దాటింది.

ఏడాది పని ఎలా జరిగిందో తేల్చుకోవడానికి సేవాలో పదకొండు ప్రశ్నలు వేసుకుంటారు. పని దొరికిన సభ్యులు పెరిగారా? ఆదాయం పెరిగిందా? తిండి బాగుపడిందా? ఆరోగ్యం, పిల్లల సంరక్షణ, ఇల్లు సంగతేంటి? ఆమె పేరు మీద ఏదైనా ఆస్తి చేరిందా? సంఘం బలపడిందా? కొత్తగా నాయకత్వంలోకి ఎవరొచ్చారు? ఒక్కొక్కరుగా, అందరూ కలిసి, తమ కాళ్ల మీద తాము నిలబడగలుగుతున్నారా? ఎన్ని మీటింగులు పెట్టాం, ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చాం అనే ప్రశ్నలు ఇందులో లేవు. ప్రాజెక్టు రిపోర్టులు రాసే అలవాటున్న ఎవరికైనా ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

సభ్యులు అడిగితే సంఘం ఎటు వెళ్లాల్సివస్తుందో బ్యాంకు కథ చెబుతుంది. యూనియన్ పెట్టిన కొత్తలోనే తేలిన సంగతి ఏమిటంటే, ఎంత సంపాదించినా అది వడ్డీకే పోతోంది. పొద్దున సరుకు కోసం అప్పు తీసుకోవడం, సాయంత్రం వడ్డీతో కట్టడం. తెలుగు పట్టణాల్లో గిరిగిరి అప్పు అనీ, డైలీ ఫైనాన్స్ అనీ పిలిచే బాపతే ఇది. విజయవాడలో 2015లో బయటపడ్డ కాల్‌మనీ దారుణాల మూలం కూడా ఇక్కడే ఉంది. బ్యాంకులకు పంపితే మాసిన చీరలతో పిల్లలను వేసుకొచ్చిన ఆడవాళ్లను సిబ్బంది లోపలికి రానిచ్చేవారు కాదు. అప్పుడు సభ్యులే మనమే బ్యాంకు పెట్టుకుందాం అన్నారు. 1974లో 4,000 మంది తలా పది రూపాయల వాటా వేసి మహిళా సేవా సహకార బ్యాంకు పెట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ కాగితాల మీద సంతకాలు చేయాల్సిన వాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. తెల్లవార్లూ కూర్చుని పేరు రాయడం నేర్చుకున్నారు. ఖాతాదారులను గుర్తుపట్టడం ఎలా అన్నదానికి పాస్‌బుక్కుకు ఫొటో అంటించే పద్ధతి పెట్టారు. పేదల డబ్బుతో బ్యాంకు నడవదని అప్పుడు అన్నవాళ్లు చాలామంది. అది ఇప్పటికీ నడుస్తోంది.

సభ్యుల సంఘానికి అసలు పరీక్ష సభ్యుల్లో కొందరి మీద దాడి జరిగినప్పుడు వస్తుంది. 1981లో వైద్య సీట్లలో దళితుల రిజర్వేషన్లకు వ్యతిరేకంగా అహ్మదాబాద్‌లో అల్లర్లు చెలరేగాయి. సేవాలో దళిత మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇలా భట్ బహిరంగంగా రిజర్వేషన్ల పక్షాన నిలబడింది. మాతృసంస్థ మజూర్ మహాజన్‌కు అది నచ్చలేదు, సేవాను బయటికి పంపేసింది. ఆఫీసు, పేరు, పలుకుబడి అన్నీ ఆ పెద్ద సంఘం నీడలో వచ్చినవే. అయినా వెనక్కి తగ్గలేదు. ఆ నిర్ణయం వల్లే సేవా తనకంటూ దారి వేసుకుని నిలబడిందని చెప్పాలి. తన సభ్యుల్లో కొందరి మీద దాడి జరుగుతుంటే ‘మాది అందరి సంఘం, మేం మాట్లాడం’ అనే సంఘానికి సభ్యత్వ రసీదు ఇచ్చే అర్హత ఉండదు.

ఇక వీధి వ్యాపారం విషయానికి వస్తే, అహ్మదాబాద్ నడిబొడ్డున మాణెక్ చౌక్ అనే పాత మార్కెట్ ఉంది. తరాలుగా ఆడవాళ్లు అక్కడ నేల మీద కూర్చుని కూరగాయలు అమ్ముతున్నారు. రోజూ పోలీసులు తరమడం, మామూళ్లు తీసుకోవడం, తట్టలు తన్నేయడం మామూలైపోయింది. వాళ్ల డిమాండు ఒక్క మాటలో పట్టేది: రెండు గంపలు పెట్టుకునే చోటు చాలు. ట్రాఫిక్‌కు అడ్డమని మొత్తంగా ఖాళీ చేయించబోతే సంఘం కోర్టుకెక్కింది. 1980ల మొదట్లో ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రోడ్డు మీద అమ్ముకోవడం నేరమా, హక్కా అనే ప్రశ్న దేశంలో చాలా చోట్ల నుంచి కోర్టుకు చేరిన కాలమది. 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ఫుట్‌పాత్ మీద వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛలోకి వస్తుంది, దానికి సబబైన ఆంక్షలు పెట్టవచ్చు, పూర్తిగా కాదనడానికి వీల్లేదు.

తీర్పు వచ్చినా వీధిలో ఏమీ మారలేదు. ఎందుకంటే ఎక్కడ అమ్మాలో తేల్చేది మునిసిపాలిటీ, తరిమేది పోలీసులు, ఊరూరికీ నిబంధనలు వేరు. ఒక ఊళ్లోని ఒక సంఘం ఇక్కడ చేయగలిగింది తక్కువ. అందుకే సంఘాల సంఘం అవసరమైంది. 1995లో ఇటలీలోని బెల్లాజియోలో వివిధ దేశాల వీధి వ్యాపారుల ప్రతినిధులు కలిసి ఒక ప్రకటన చేశారు. దాని వెనక సేవా ఉంది. ఆ కొనసాగింపుగా 1998లో నాస్వి మొదలైంది. ఇందులో సభ్యులు విడివిడి మనుషులు కాదు, సంఘాలు. యూనియన్లు, సహకార సంఘాలు, బస్తీ సంఘాలు ఎవరి జెండా వాళ్లదే ఉంచుకుని ఒక్క విషయం మీద కలిసి పనిచేయాలి. ఇది వినడానికి బాగుంటుంది, చేయడం చాలా కష్టం. ఒక ఊళ్లో రెండు సంఘాలుంటే వాటికి పడదు. ఒకరు పార్టీకి దగ్గర, ఒకరు దూరం. పండ్లవాళ్లకు, బట్టలవాళ్లకు అవసరాలు వేరు. సమాఖ్య నాయకత్వానికి సగం శక్తి లోపలివాళ్లను ఒక మాట మీద ఉంచడానికే పోతుంది. దాన్ని వృథా అనుకోకూడదు. అక్కడ కుదిరిన రాజీలే తర్వాత చట్టంలో పదాలవుతాయి.

నాస్వి మొదట చేసిన పనుల్లో ఒకటి లెక్క తీయడం. సామాజిక శాస్త్రవేత్త శరిత్ భౌమిక్ ఆధ్వర్యంలో ముంబై, అహ్మదాబాద్, కలకత్తా, పట్నా, బెంగళూరు, భువనేశ్వర్, ఇంఫాల్ నగరాల్లో వీధి వ్యాపారుల స్థితిగతుల మీద అధ్యయనం జరిగింది. ఈ ఏడింటిలో హైదరాబాద్ లేకపోవడం తెలుగువాళ్లకు వెలితే. ముంబై, అహ్మదాబాద్‌లలో మూతపడ్డ మిల్లుల కార్మికులే చాలామంది రోడ్డు మీద బండి పెట్టుకున్నారని అందులో తేలింది. అంటే నగరాన్ని ఆక్రమించడానికి ఎక్కడి నుంచో వచ్చినవాళ్లు అనే మాట నిలబడదు. ఫ్యాక్టరీ ఉద్యోగం పోయిన మనిషి ఇంటిల్లిపాదికీ తిండి పెట్టడానికి చేసుకున్న ఏర్పాటు అది. ఈ లెక్కలు చేతిలో ఉండబట్టే 2004లో కేంద్రం జాతీయ విధానం ప్రకటించేలా చేయగలిగారు.

లెక్కల బలం అంతర్జాతీయ వేదిక మీద అంతకుముందే ఒకసారి రుజువైంది. ఇంట్లోనే కూర్చుని కంపెనీలకు పని చేసిపెట్టే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఒప్పందం తేవాలని సేవా, దాని మిత్ర సంఘాలు పట్టుబట్టాయి. యజమానుల ప్రతినిధులు ఓటింగుకు దూరంగా ఉన్నా, 1996 జూన్‌లో జెనీవాలో 177వ ఒప్పందం ఆమోదం పొందింది. అలాంటి కార్మికులు ఎంతమంది ఉన్నారో, ఎగుమతుల్లో వాళ్ల వాటా ఎంతో చూపించే గణాంకాలు సమకూర్చడం అందులో పెద్ద పాత్ర వహించింది. మరుసటి ఏడు పరిశోధకులు, గణాంక నిపుణులు, కార్మిక సంఘాలు కలిసి ‘వీగో’ అనే ప్రపంచ నెట్‌వర్క్ పెట్టుకోవడానికి కారణం అదే. 2002లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో వీధి వ్యాపారుల సంఘాల కోసమే స్ట్రీట్‌నెట్ ఏర్పడింది. బాధాకరమైన విషయం ఏమిటంటే 177వ ఒప్పందాన్ని భారత్ ఇప్పటికీ ధ్రువీకరించలేదు.

జాతీయ విధానానికి చట్టబలం లేదు. రాష్ట్రాలు పాటిస్తే పాటించాయి, లేకపోతే లేదు. 2009లో కేంద్రం విధానాన్ని సవరించి ఒక నమూనా బిల్లు తయారుచేసి రాష్ట్రాలకు పంపింది. పట్టణ వ్యవహారాలు రాష్ట్రాల పరిధి కాబట్టి ఇంతకన్నా చేయలేమన్నది ఢిల్లీ వాదన. దీన్ని రోడ్ల నిర్వహణగా కాకుండా జీవనోపాధి సమస్యగా చూడమని, అప్పుడు కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల అంశాల ఉమ్మడి జాబితా కింద కేంద్రమే చట్టం చేయొచ్చని సంఘాలు పట్టుబట్టాయి. 2010 అక్టోబరులో గైండా రామ్ కేసులో సుప్రీంకోర్టు 2011 జూన్ 30 లోగా చట్టం చేయాలని చెప్పింది. గడువు దాటిపోయింది. 2012 సెప్టెంబరులో బిల్లు లోక్‌సభకు వచ్చింది, పార్లమెంటు స్థాయీ కమిటీకి వెళ్లింది, వ్యాపారుల సంఘాలు అక్కడా తమ వాదన వినిపించాయి. ఢిల్లీలో ధర్నాలు జరిగాయి. 2013 సెప్టెంబరులో లోక్‌సభ, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభ ఆమోదించాయి. అహ్మదాబాద్ కార్డుల నుంచి లెక్కేస్తే 43 ఏళ్లు. ఈ క్రమంలో ధర్నా, కోర్టు కేసు, అధ్యయనం, పార్లమెంటరీ కమిటీ ముందు వాంగ్మూలం అన్నీ వాడారు. వీటిలో ఏదో ఒక్కటే చట్టాన్ని తెచ్చిందంటే తప్పు. అన్నిటినీ ఒక్క చేతిలో పట్టుకుని ఇన్నేళ్లు విడవకుండా ఉండగలిగే నిర్మాణం సంఘానిది. ప్రాజెక్టు మూడేళ్లకు ముగుస్తుంది, సభ్యత్వం ముగియదు.

అయితే చట్టం పైకి వెళ్లినంత పట్టుదలగా కిందికి దిగలేదు. సభ్యత్వ సంఘాల అసలు బలహీనత ఇక్కడే కనిపిస్తుంది. చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో, ఎవరు ఎక్కడ అమ్ముకోవాలో తేల్చే వెండింగ్ కమిటీ ఉండాలి. ఐదేళ్లకోసారైనా సర్వే చేయాలి. వార్డు లేదా పట్టణ జనాభాలో రెండున్నర శాతం దాకా వ్యాపారులకు చోటు చూపించాలి. దేశంలో చాలా చోట్ల రూల్స్ రాయడమే ఏళ్లు పట్టింది. ఎన్నికలు పెట్టాల్సిన కమిటీల్లోకి అధికారులు తమకు నచ్చినవాళ్లను నామినేట్ చేసుకున్నారు. సర్వే రోజున ఊరెళ్లినామె, జ్వరంతో ఇంట్లో ఉన్నామె లెక్కలోకి రాలేదు. రైల్వే స్థలాలకు ఈ చట్టం వర్తించదు కాబట్టి ప్లాట్‌ఫారాల మీద, రైళ్లలో పల్లీలు, టీ అమ్మేవాళ్లు మొదటి నుంచీ బయటే.

తెలుగు రాష్ట్రాల్లో ఈ పనంతా ఎక్కువగా ప్రభుత్వ పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా చేతుల మీదుగా నడుస్తుంది. కొవిడ్ తర్వాత 2020 జూన్‌లో కేంద్రం వీధి వ్యాపారులకు అప్పు ఇచ్చే స్వనిధి పథకం తెచ్చి, మొదట 10,000 రూపాయల రుణం ఇవ్వడం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే ఏడాది వడ్డీ లేని 10,000 రూపాయల జగనన్న తోడు పథకం పెట్టింది. స్వనిధి కోసం సర్వేలో పేరు ఉండాలి, లేదంటే పట్టణ సంస్థ నుంచి సిఫారసు లేఖ కావాలి. దీనివల్ల ఒక మంచి జరిగింది, లెక్కలో లేనివాళ్లు లెక్కలోకి వచ్చారు. ఒక నష్టమూ జరిగింది. వీధి వ్యాపారి అంటే లోను తీసుకునే మనిషి అనే అభిప్రాయం స్థిరపడింది. అప్పు కోసం కార్డు తీసుకున్న చాలామందికి ఆ కార్డు ఉంటే ఊరికే తరమకూడదన్న సంగతి ఎవరూ చెప్పలేదు. లోను మేళా పెట్టినంత చురుకుగా కమిటీ ఎన్నిక పెట్టరు. ఎన్నిక అడిగే సంఘం ఊళ్లో లేనప్పుడు పెట్టాల్సిన ఒత్తిడీ ఉండదు.

ఇది చదివే తెలుగువాళ్లకు వెంటనే డ్వాక్రా సంఘాలు గుర్తుకు రావడం సహజం. సంఘం, గ్రామ సమాఖ్య, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అని మెట్లు మెట్లుగా కట్టిన ఇంత పెద్ద మహిళల నెట్‌వర్క్ దేశంలో తక్కువ చోట్ల ఉంది. పొదుపు, అప్పు తిరిగి కట్టడంలో వాళ్ల క్రమశిక్షణ చూసి బ్యాంకులే వెంటపడ్డాయి. మండల సమాఖ్యల్లో చాలావాటిని రిజిస్టర్ చేసింది 1995 నాటి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద. ఆ చట్టమే ఒక గొప్ప విజయం. అంతకుముందు సహకార సంఘం పెడితే రిజిస్ట్రార్‌దే రాజ్యం: పాలకవర్గాన్ని రద్దు చేయొచ్చు, అధికారిని కూర్చోబెట్టొచ్చు. ప్రభుత్వ వాటా ధనం తీసుకోకుండా సొంత డబ్బుతో నడిచే సంఘానికి సొంత నిర్ణయం ఉండాలని హైదరాబాద్ కేంద్రంగా పనిచేసిన సహకార వికాస సంస్థ ఏళ్ల తరబడి వాదించింది. 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో మొదలైన ముల్కనూరు సహకార సంఘం లాంటి బతికున్న ఉదాహరణలు ఆ వాదనకు ప్రాణం పోశాయి. ఆంధ్రప్రదేశ్ దారి చూపాక మరికొన్ని రాష్ట్రాలు అలాంటి చట్టాలే చేసుకున్నాయి.

చట్టం సభ్యుల చేతికి పగ్గాలు ఇచ్చింది కానీ, డ్వాక్రా సమాఖ్యల్లో పగ్గాలు నిజంగా వాళ్ల చేతిలో ఉన్నాయా అన్నది నిర్మొహమాటంగా అడగాల్సిన ప్రశ్న. మీటింగు తేదీ ఎవరు చెబుతున్నారు? సంఘాల వాళ్లను ఏ సభకు తీసుకెళ్లాలో ఎవరు నిర్ణయిస్తున్నారు? మంత్రి సభకు జనం తక్కువైతే ఫోన్ ఎవరికి వెళుతోంది? ముల్కనూరులో సంఘం తన సభ్యుల వడ్లకు ధర కోసం బేరమాడుతుంది. చాలా మండల సమాఖ్యలు పైనుంచి వచ్చిన టార్గెట్ కిందికి దించుతున్నాయి. నిర్మాణం ఒక్కటే, మెట్లు ఒక్కటే, నీళ్లు పారే దిశ మాత్రం తిరగబడింది. 1992లో దూబగుంట నుంచి సారాపై పోరాటం లేచినప్పుడు ఆ ఆడవాళ్లకు సమాఖ్యల మెట్లేవీ లేవు, మాట మాత్రం కింది నుంచే వచ్చింది. ఆ శక్తి ఇప్పటి నిర్మాణంలోకి పూర్తిగా రాకపోవడం తెలుగు నేలకు జరిగిన పెద్ద నష్టం.

డబ్బు సంగతి దాటవేయడానికి లేదు. ఐదు పది రూపాయల చందాతో లాయర్లను పెట్టుకోలేరు, ఢిల్లీ వెళ్లలేరు, అధ్యయనాలు చేయించలేరు. దాతలో ప్రభుత్వమో ఇవ్వాల్సిందే. ఇచ్చినవాళ్ల మాట వినాల్సిన అవసరమూ వస్తుంది. 2001 భూకంపం తర్వాత గుజరాత్‌లో గ్రామాల జీవనోపాధి కోసం చేపట్టిన జీవిక ప్రాజెక్టు విషయంలో రాష్ట్ర ప్రభుత్వంతో విభేదాలు ముదిరి, నిధులు ఆగి, 2005లో సేవా దాని నుంచి తప్పుకుంది. ఆ ప్రాజెక్టు మీద ఆధారపడ్డ గ్రామాల ఆడవాళ్లు ఇబ్బంది పడ్డారు. అయినా సంఘం కూలిపోలేదు. యూనియన్ వేరు, బ్యాంకు వేరు, సహకార సంఘాల సమాఖ్య వేరు, ప్రాజెక్టు వేరు అని ముందే విడదీసి పెట్టుకోవడం అప్పుడు కాపాడింది. బయటి డబ్బు ఆగినా సభ్యురాలి రసీదు, పాస్‌బుక్కు ఆగకుండా ఉండేలా చూసుకోని సంఘాలు ఇలాంటి దెబ్బకు తట్టుకోలేవు.

ఇలా భట్ 2022 నవంబరు 2న కన్నుమూసింది. స్థాపకులు పోయాక సంఘం ఏమవుతుందన్న ప్రశ్న ఎక్కడైనా ఉంటుంది. ఇప్పుడు సేవా సభ్యులు మీటింగుల్లో తెస్తున్న కొత్త సమస్య ఎండ. మే నెలలో మధ్యాహ్నం కూరగాయలు వాడిపోతాయి, కొనేవాళ్లు రారు, నెత్తిన మూటతో నడిచేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. వడదెబ్బకు ఆస్పత్రి ఖర్చు ఇచ్చే బీమాలు ఉండొచ్చు గానీ, పనికి పోలేకపోయిన రోజు కూలి ఇచ్చే బీమా వాళ్లకు ఉండేది కాదు. 2023లో గుజరాత్‌లో 21,000 మంది సభ్యులతో ఎండ తీవ్రతను బట్టి చెల్లించే బీమా మొదలుపెట్టారు. మొదటి ఏడు ఉష్ణోగ్రత నిర్ణయించిన గీత దాటలేదు, పైసా రాలేదు. కాలుతున్న నేల మీద కూర్చున్నవాళ్లకు థర్మామీటరు గీత కథ ఏం చెబుతారు? సభ్యులు అడిగారు, లెక్క మార్చారు. 2024లో రాజస్థాన్, మహారాష్ట్రలను కూడా కలుపుకుని సుమారు 50,000 మందికి విస్తరించి, 40 డిగ్రీలు దాటితే 400 రూపాయలు నేరుగా అందే ఏర్పాటు ఒకటి, దానిపైన బీమా ఒకటి పెట్టారు. ఎండాకాలంలో రామగుండంలో, రెంటచింతలలో తోపుడు బండి నెట్టేవాళ్లకు ఇలాంటిదేమీ లేదు. 2014 చట్టంలో ఎండ ప్రస్తావన లేదు.